వారోత్సవాలు సరే, వంతెన గోడ సంగతేమిటి?

2023 జూలై 11న అర్ధరాత్రి దాటిన వేళ, పొదిలి నుంచి కాకినాడకు పెళ్లివారితో బయలుదేరిన ఆర్టీసీ బస్సు దర్శి దగ్గర సాగర్ కాల్వలో పడిపోయింది. ఏడుగురు చనిపోయారు. పలువురు గాయపడ్డారు. పెళ్లి ముచ్చట్లు చెప్పుకోవలసిన ఇళ్లలో తెల్లవారేసరికి ఏడుపులు వినిపించాయి. ఎదురుగా వస్తున్న వాహనాన్ని తప్పించబోయి బస్సు వంతెన గోడను ఢీకొన్నదని తొలి వార్తలు చెప్పాయి.

ఇటువంటి ఘోరం జరిగినప్పుడల్లా నడిచే ఆనవాయితీ ఒకటి ఉన్నది. పెద్దలు పరామర్శకు వస్తారు. పరిహారం ప్రకటిస్తారు. పోలీసులు కేసు రాస్తారు. డ్రైవరు కునుకు తీశాడా, వేగంగా నడిపాడా అని నాలుగు రోజులు చెప్పుకుంటారు. ఆ నాలుగు రోజులూ గడిచిన తరువాత అసలు ప్రశ్నలు మిగిలిపోతాయి. బస్సు తగిలితే ఆపడానికి కట్టిన గోడ ఎందుకు ఆపలేకపోయింది? రాత్రిపూట వంతెన మొదలయ్యే చోటు డ్రైవరు కంటికి ఎంత దూరం నుంచి కనపడుతుంది? ఇదే కాల్వ మీద ఇటువంటి వంతెనలు ఇంకెన్ని ఉన్నాయి? వాటిని ఎవరైనా వెళ్లి చూశారా? డ్రైవరు తప్పు తేలినా తేలకపోయినా ఈ ప్రశ్నలకు జవాబు కావలసిందే. మనిషన్నవాడు పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా చూడడానికే కదా గోడలూ గుర్తులూ పెట్టేది.

ఈ ప్రశ్నలు అడగడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఉన్నదన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 215వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లాకూ రోడ్డు భద్రతా కమిటీ ఉండాలి. చట్టంలో ఉన్నా చాలా చోట్ల ఆ కమిటీలు సరిగా పనిచేయకపోవడంతో సుప్రీంకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. రోడ్డు భద్రత మీద 2014లో ఒక కమిటీని వేసిన కోర్టు, 2017 నవంబరు 30న తీర్పు చెబుతూ 2018 జనవరి నెలాఖరుకల్లా అన్ని జిల్లాల్లో ఈ కమిటీలు ఏర్పడాలని గడువు పెట్టింది. కలెక్టరు అధ్యక్షుడు. పోలీసు సూపరింటెండెంటు, రోడ్ల ఇంజనీర్లు, రవాణా అధికారి, వైద్యాధికారి సభ్యులు. వీరితో పాటు ప్రజల తరఫున కూడా సభ్యులు ఉండాలన్నది. కమిటీ క్రమం తప్పకుండా సమావేశం కావాలన్నది.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది? చిక్కంతా సమావేశం ముగిసిన తరువాత వస్తుంది. ఇటువంటి సమావేశాల మీద పత్రికలకు అందే ప్రకటనలు చూస్తే ఒక మాట పదేపదే కనపడుతుంది: ‘‘ఆదేశించారు.’’ మలుపుల వద్ద బోర్డులు పెట్టాలని ఆదేశించారు, గుంతలు పూడ్చాలని ఆదేశించారు, పరిమితికి మించి ఎక్కించే ఆటోలపై కఠినంగా వ్యవహరించాలని ఆదేశించారు. బాగానే ఉన్నది. గత సమావేశంలో ఆదేశించిన వాటిలో ఎన్ని పూర్తయ్యాయి, కానివి ఏ శాఖ దగ్గర ఆగాయి, ఎందుకు ఆగాయి అన్న ముక్క మాత్రం ఆ ప్రకటనల్లో కాగడా వేసి వెతికినా దొరకడం అరుదు. పొలంలో కూలీలను పెట్టి పని చెప్పిన రైతు సాయంత్రం గట్టు మీదికి వెళ్లి ఎన్ని సాళ్లు అయ్యాయో చూడకుండా ఇంటికి పోడు. జిల్లా పాలనలో ఆ పాటి చూపు లేకపోవడం శోచనీయం.

ఇక వారోత్సవాల సంగతి. ఏటా జనవరిలో రోడ్డు భద్రతా వారోత్సవాలు జరుగుతాయి. 2021లో దానిని నెల రోజులకు పొడిగించి మాసోత్సవాలు చేశారు. విద్యార్థుల ర్యాలీ, హెల్మెట్లు పెట్టుకున్న అధికారుల మోటారు సైకిళ్ల ఊరేగింపు, వ్యాసరచన పోటీలు, డ్రైవర్లకు కంటి పరీక్షలు. వీటిలో కంటి పరీక్షలు నిజంగా పనికివచ్చేవే. మిగతావి కూడా చెడ్డవేమీ కావు. హెల్మెట్ పెట్టుకుంటే మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయే అవకాశం సుమారు 40 శాతం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి గనుక ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా తప్పు లేదు. అయితే కార్యక్రమం పెట్టేవారు చూసుకునే క్యాలెండరు వేరు, పొదిలి చుట్టుపక్కల రోడ్ల మీద నడిచే క్యాలెండరు వేరు.

ఈ ప్రాంతంలో ప్రమాదం కూడా పంటల వెంటే నడుస్తుంది. జనవరిలో పట్టణంలో ర్యాలీ జరుగుతున్న రోజుల్లోనే పల్లెల్లో మిరప కోతలు ఊపందుకుంటాయి. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో పదిహేనుమంది ఆడకూలీలు తెల్లవారకముందే బయలుదేరుతారు. చలికాలం మంచు రోడ్డు మీద దట్టంగా కమ్ముకునే వేళ కూడా అదే. సాయంత్రం చీకటి పడ్డాక అదే ఆటోలో తిరుగు ప్రయాణం. ఆ తరువాత వేసవి ముదిరేదాకా మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్లే రోజులు. పత్తి లోడుతో రోడ్డు సగం ఆక్రమించి నడిచే ట్రాక్టరు, వెనుక లైటు లేని ట్రక్కు. పొదిలి పొగాకు వేలం కేంద్రాలకు బేళ్లు వచ్చే రోజులు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే బండ్లు. పెళ్లిళ్ల కాలంలో రాత్రంతా నడిచే బస్సులు, వ్యాన్లు. ఏ నెలలో ఏ రోడ్డు మీద ఎవరు ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళుతున్నారో ఊళ్లో ఏ రైతును అడిగినా చెబుతాడు. భద్రతా కార్యక్రమం రాసేవారు మాత్రం అతణ్ణి అడగరు.

2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద ఏమి జరిగిందో ఈ జిల్లాలవారు మరిచిపోలేదు. మిరప కోసి ఇంటికి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొన్నది. తీగలు మీద పడి కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 మే 17న పల్నాడులో పొందుగుల దగ్గర ఆటోను లారీ ఢీకొని మిరప పనికి బయలుదేరిన మహిళా కూలీలు చనిపోయారు. రెండూ మే నెలలోనే. రెండూ మిరప పనికి సంబంధించినవే. ఆటోలో ఎక్కువమందిని ఎక్కించుకోవడం నేరమని చెప్పి జరిమానా వేస్తే అయిపోయే వ్యవహారం కాదిది. కూలి గిట్టాలంటే పొలం చేరాలి, పొలం చేరడానికి ఆ వేళకు బస్సు లేదు. కోతల కాలంలో తెల్లవారుజామున నాలుగు పల్లెలు తిరిగే ఒక్క బస్సు వేసే విషయం రోడ్డు భద్రతా కమిటీలో చర్చకు రావాలి. ట్రక్కుల వెనుక ఎర్రగా మెరిసే రేకులు అంటించే పని మిర్చి యార్డు గేటు దగ్గర, పొగాకు వేలం కేంద్రం గేటు దగ్గర పెట్టుకుంటే ఒక్క సీజనులో ఈ ప్రాంతపు బండ్లన్నీ వరుసగా చేతికి వస్తాయి. బండి ఎక్కడికి వస్తుందో అక్కడికి అధికారి వెళ్లడం అంత కష్టమైన పనేమీ కాదు.

వీటికంటే లోతైన లోపం మరొకటి ఉన్నది. అది లెక్క దగ్గర ఉన్నది.

ఏ మలుపును ముందు బాగుచేయాలో తేల్చడానికి ప్రభుత్వం దగ్గర ఒక కొలబద్ద ఉన్నది. దాదాపు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ప్రమాదాలు అయిదు జరిగినా, లేక పది మంది చనిపోయినా దానిని ‘బ్లాక్ స్పాట్’ అంటారు. ఇది జాతీయ రహదారులకు కేంద్ర రవాణా శాఖ పెట్టిన నిర్వచనం. మిగతా రోడ్ల మీద కూడా ఆలోచన దాదాపు ఇదే దారిలో సాగుతుంది. ఈ లెక్కకు ఆధారం పోలీసు స్టేషను రికార్డు. అక్కడ రాస్తేనే ప్రమాదం జరిగినట్టు. పల్లెల్లో జరిగేది వేరు. రెండు మోటారు సైకిళ్లు గుద్దుకుంటాయి, ఒకరికి కాలు విరుగుతుంది, పెద్దమనుషులు కూర్చుంటారు, ఆసుపత్రి ఖర్చులకు ఇంత అని రాజీ కుదురుస్తారు. కోర్టుల చుట్టూ తిరిగే బాధ తప్పిందని ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. వారిని తప్పుపట్టలేము. కాని ఆ రాజీతో పాటు ఆ మలుపు కూడా రికార్డులో నుంచి మాయమైపోతుంది. మూడేళ్లలో ఆరుగురు కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకున్న చోటు ప్రభుత్వ కాగితాల్లో ఎంతో క్షేమమైన చోటుగా మిగిలిపోతుంది. ఏడో మనిషి అక్కడే పడతాడు.

రాసిన కేసుల్లో కూడా చోటు సరిగా ఉండాలి. ‘‘పొదిలి – దర్శి రోడ్డులో’’ అని రాస్తే ఇంజనీరు ఎక్కడికని వెళతాడు? ఈ ఇబ్బందిని గుర్తించే 2021 నుంచి మద్రాసు ఐ.ఐ.టి. సాయంతో కేంద్రం ఒక ఏర్పాటు తెచ్చింది. ప్రమాదం జరిగిన చోటే నిలబడి పోలీసు ఉద్యోగి ఫోనులో వివరాలు నింపితే అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ చోటు నమోదవుతుంది. ఆ వివరాలు రోడ్ల శాఖకూ, రవాణా శాఖకూ కూడా కనపడతాయి. యంత్రం మంచిదే. చోటు దగ్గర కాకుండా స్టేషనులో కుర్చీలో కూర్చుని నింపితే మాత్రం అది పాత రిజిస్టరు కంటే మేలు చేయదు.

లెక్కకు ఇంత విలువ ఎందుకు ఇవ్వాలో పొరుగున ఉన్న తమిళనాడును చూస్తే తెలుస్తుంది. 2016లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 17,218 మంది చనిపోయారు. 2019 నాటికి ఆ సంఖ్య 10,525కు దిగింది. దేశమంతా ఆ రాష్ట్రాన్ని మెచ్చుకున్నది. ప్రమాదాల చోట్లను కంప్యూటరులో గుర్తించి, ఎక్కువ ప్రమాదాలు జరిగే చోట్లకు దగ్గరగా అంబులెన్సులను నిలిపి, పోలీసు, వైద్య, రోడ్ల శాఖలను ఒకే తాటి మీదికి తెచ్చారని చెప్పుకున్నారు. తీరా 2022లో లెక్క చూస్తే 17,884. అంటే మొదటికి వచ్చింది. పని సడలిందా, లేక తగ్గిన సంవత్సరాల లెక్కే సరిగా లేదా అని వాదించేవారు ఉన్నారు. ఏది నిజమైనా జిల్లా కమిటీలు గ్రహించవలసినది ఒకటున్నది. ప్రమాదాలు తగ్గాయని ప్రకటించే ముందు స్టేషను లెక్కను ఆసుపత్రి లెక్కతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అదే ఏడాది దేశం మొత్తం మీద 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 8 వేల పైచిలుకు. రోజుకు ఇరవై మందికి తక్కువ కాదు.

మళ్లీ వంతెన దగ్గరికి వస్తే, సాగర్ కుడి కాల్వకు నీరు వదిలింది 1967లో. ఆ నీటితోనే ఈ ప్రాంతపు మాగాణి పచ్చబడింది. కాల్వలతో పాటు వంతెనలూ వచ్చాయి. ఆనాడు వాటి మీద నడిచినవి ఎడ్లబండ్లు, ఒకటీ అరా లారీలు, బస్సులు. ఈనాడు చీమకుర్తి గనుల రాళ్లు మోసే ట్రెయిలర్ల నుంచి రాత్రి బస్సుల దాకా అన్నీ ఈ ప్రాంతపు రోడ్ల మీదనే తిరుగుతున్నాయి. కాల్వ నీటిపారుదల శాఖది. దాని మీదుగా పోయే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది. పల్లెకు పోయే చిన్న రోడ్డయితే పంచాయతీరాజ్ శాఖది. గోడ పెచ్చులూడితే ఎవరిని అడగాలి? ఒకరు మరొకరి వైపు వేలు చూపిస్తారు. ఇద్దరు అత్తల మధ్య కోడలు ఆకలితో పడుకున్న సామెతగా వంతెన పడి ఉంటుంది. ఈ పంచాయతీ తీర్చగలిగినది కలెక్టరు ఒక్కరే. కమిటీకి అధ్యక్షుడుగా ఆయనను పెట్టడంలో ఉద్దేశం కూడా అదే.

చట్టం రోడ్డు కట్టినవారిని పూర్తిగా వదిలిపెట్టలేదు. 2019 సవరణలో 198-ఎ అనే సెక్షను చేరింది. రోడ్డు నమూనాలోగానీ, నిర్మాణంలోగానీ, నిర్వహణలోగానీ నిర్ణయించిన ప్రమాణాలు పాటించనందువల్ల మనుషులు చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. అదే సవరణలో హెల్మెట్ లేనివాడికి వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. రెండోది పల్లెటూరి కుర్రవాడికి కూడా తెలుసు. మొదటిదాన్ని విన్నవాడు పది ఊళ్లకు ఒకడు దొరికితే గొప్ప. ప్రాణం ఖరీదుతో పోలిస్తే లక్ష రూపాయలు ఏపాటివన్న మాట నిజమే. కాని ఒక్క కేసయినా ఆ సెక్షను కింద నడిస్తే ఇంజనీర్లు వంతెనలను చూసే చూపు మారుతుంది.

డబ్బు లేదన్న సాకు ప్రతిసారీ చెల్లదు. పాత వంతెన తీసి కొత్తది కట్టడానికి కోట్లు కావాలి, ఏళ్లు కావాలి. అంతవరకు ఊరికే కూర్చోవలసిన పని లేదు. వంతెన రెండు కొసలా మెరిసే గుర్తులు నాటడం, గోడకు నలుపు తెలుపు చారలు వేయడం, విరిగిన గోడ ముక్కను తిరిగి కట్టడం, వంతెనకు ముందు వేగం తగ్గేలా రోడ్డు మీద పట్టీలు వేయడం, మలుపుల్లో ఎదురు బండి కనపడకుండా పెరిగిన సర్కారు తుమ్మ కంప కొట్టించడం. ఇవన్నీ ఒక పెద్ద సభ ఖర్చుతో కొన్ని ఊళ్లకు జరిగిపోయే పనులు. వేగం సగటున 5 శాతం తగ్గినా ప్రాణాలు తీసే ప్రమాదాలు 30 శాతం తగ్గగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. పట్టీలు వేసేటప్పుడు మాత్రం రంగు వేయడం, ముందుగా బోర్డు పెట్టడం మరవకూడదు. చీకట్లో కనపడని స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడి ప్రాణం మీదికి తెచ్చుకున్న మోటారు సైకిలువాళ్లు ప్రతి పల్లెలో ఉన్నారు.

ఏ చోట ఏ పని కావాలో తెలుసుకోవడానికి పట్నం నుంచి నిపుణులు దిగనక్కరలేదు. పొదిలి బస్టాండులో ఆగే ఆర్టీసీ డ్రైవర్లు పదిమందిని కూర్చోబెట్టి ఒంగోలు రోడ్డు, దర్శి రోడ్డు, కనిగిరి రోడ్డు, మార్కాపురం రోడ్డు ఒక్కొక్కటి అడిగితే ఏ మలుపులో గుండె జారుతుందో, ఏ ఊరి మొగలో గేదెలు అడ్డం వస్తాయో, ఏ వంతెన రాత్రి కనపడదో ఒక పూటలో చెప్పేస్తారు. 108 బండి నడిపేవారిని అడిగితే ఏ చోటికి ఎన్నిసార్లు వెళ్లవలసి వచ్చిందో చెబుతారు. వారికి రాజీ కుదిరిన కేసులు కూడా తెలుసు. ఈ రెండు నోటి లెక్కలూ పోలీసు లెక్క పక్కన పెడితే అసలు పటం బయటపడుతుంది. కమిటీ సమావేశంలో ఒక డ్రైవరుకు, ఒక అంబులెన్సు ఉద్యోగికి కుర్చీ వేయడం వల్ల ఏ నిబంధనకూ భంగం రాదు.

గ్రామస్థుల వంతు కూడా కొంత ఉన్నది. దెబ్బతిన్నవారిని ఆసుపత్రికి చేర్చితే కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇప్పుడు అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్ట సవరణ ఆ రక్షణ ఇచ్చాయి. తీసుకువచ్చినవాడు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం అమలులోకి వచ్చింది. గుద్ది పారిపోయిన బండి జాడ దొరకకపోయినా చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు పరిహారం 2022 ఏప్రిల్ నుంచి ఉన్నది. వీటిలో దేనికైనా ముందు కావలసింది పోలీసు రికార్డే. పెద్దమనుషుల రాజీ ఈ ఫలితాలన్నింటినీ పోగొడుతున్నదన్న సంగతి ఊళ్లో చదువుకున్నవారు నలుగురికీ చెప్పాలి.

తమ ఊరి దగ్గర మలుపు గురించి, వంతెన గురించి గ్రామసభలో తీర్మానం రాసి ఎన్ని ప్రమాదాలు, ఏ తేదీల్లో జరిగాయో దానితో జతపరచి కలెక్టరుకు పంపితే అది ‘‘బాగుచేయించగలరు’’ అన్న వినతిపత్రం కంటే ఎక్కువ బరువు తూగుతుంది. దాని మీద ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. కమిటీ సమావేశాల మినిట్సు కూడా అదే విధంగా అడిగి తీసుకోవచ్చు.

అడిగించుకోవలసిన అవసరం అసలు రాకూడదు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ తాను గుర్తించిన ప్రమాదకరమైన చోట్ల జాబితాను ప్రతి మండల కార్యాలయం గోడ మీద అంటించాలి. చోటు పేరు, చేయవలసిన పని, బాధ్యత తీసుకున్న శాఖ, పూర్తి చేయవలసిన తేదీ, ఆ తేదీ దాటితే కారణం. అయిదే గళ్లు. పొదిలి మండల కార్యాలయంలో అంటించే మొదటి కాగితంలో దర్శి దారిలోని కాల్వ వంతెనలన్నీ ఉండాలి.